మెత్తబడ్డ నీళ్ళు

మూడో పీలిక కూడా ఎరుపెక్కలేదు.

మార్కండేయులు దాన్ని కర్రతో రాగి బానలోంచి పైకెత్తి, అప్పుడే పాకలోకి పడుతున్న ఎండకి పట్టి చూశాడు. పటిక అద్దిన చోటల్లా దానిమ్మ గింజ రంగు రావాలి. వచ్చింది పాత ఇటుక రంగు. నీళ్ళు పిండి మళ్ళీ చూశాడు. పిండాక ఇంకా చచ్చుగా కనపడింది.

గోడ అవతల వసారాలో నులకమంచం కిర్రుమంది.

"ఏరా మార్కండా, ఏం రంగొచ్చింది?"

"వస్తోంది ఉస్తాద్."

మూడు రోజులుగా ఇదే జవాబు.

గుల్లపాడులో అద్దకం పని అంటే లతీఫ్ సాహెబే. యాభై ఏళ్ళుగా చెక్క అచ్చులతో గుడ్డ మీద పువ్వులు పూయించిన చెయ్యి ఆయనది. ఎడమకన్ను ఎప్పుడో మసకబారింది. కుడికంటికి ఐదు రోజుల కిందట బందరులో శుక్లం తీశారు. పది రోజుల పాటు పొగ దగ్గరికి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. ఆయన కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో ఆసుపత్రి మెట్లు దిగుతూ శిష్యుడి భుజం పట్టుకుని, "ఈ పది రోజులూ నీ కళ్ళే నా కళ్ళు," అన్నాడు. ఆరేళ్ళ శిష్యరికంలో ఆయన నోట అంత మాట మార్కండేయులు ఎన్నడూ వినలేదు.

కంటికి కత్తి పడకముందే పూర్తి చేయాలని సాహెబు రెండు నెలలు కూర్చుని ఒక చాదరు అద్దాడు. దర్గా ఉరుసుకి, సమాధి మీద కప్పడానికి. తాతల నాటి అచ్చులన్నీ బయటికి తీశాడు. చివరి అచ్చు వేశాక దాన్ని నూనెగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి, "ఇక చాలు, ఇదే ఆఖరుది," అన్నాడు.

రేపు గంధం ఊరేగింపు. ఇవాళ ఎండ ఉండగానే చాదరు ఉడికించి, ఉతికి, ఆరేయాలి. మధ్యాహ్నం దాటితే ఆరదు. సాయంత్రం దర్గావాళ్ళు వస్తారు.

ఈ పనిలో ఒక చిత్రం ఉంది. కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ మీద పటిక గంజితో అచ్చు వేస్తే కంటికి దాదాపు ఏమీ కనపడదు. ఆ గుడ్డని ఎర్రరంగునిచ్చే చిరివేరు వేసిన నీళ్ళలో ఉడకేస్తే, పటిక ఉన్నచోట మాత్రం ఎరుపు పైకి లేస్తుంది. అదీ ఒక్కసారే. రంగు చెడితే గుడ్డని మళ్ళీ మొదటికి తేవడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు పీలికలు ఉడికించి చూసుకుంటారు.

మూడు పీలికలు. మూడూ ఇటుక రంగే.

పొయ్యి దగ్గర నాగరత్నం సరుగుడు కట్టెలు ఎగదోస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఆ బాన కింద మంట ఆమెదే. పటిక నూరి గంజి కాచేదీ ఆమే. మార్కండేయులు పనిలో చేరిన రోజు నుంచీ ఆమెని అత్తా అనే పిలిచాడు.

"నాగరత్నం," అన్నాడు ఇప్పుడు.

ఆమె చేతిలో కట్టె ఆగింది.

"పటికలో ఏం కలిపావు?"

"పటికలో పటికే ఉంటుంది."

"గంజి దేంట్లో కాచావు? ఇనప గిన్నెలోనా?"

"ఇనుము తగిలితే ఎరుపు చస్తుందని నీకు చెప్పిందెవరు? నువ్వొచ్చిన వారానికి ఇనప గరిటె తెచ్చి బానలో పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చాను. మర్చిపోయావా?"

"మరి ఎందుకు రాలేదు? వేరు చూశాను, బాగుంది. కట్టెలు ఎప్పటివే. నీళ్ళు ఎప్పటికన్నా మంచివి. ఇక మిగిలింది నీ చెయ్యే."

ఆ నీళ్ళ సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి.

మార్కండేయులు అద్దకం నేర్చుకోవడానికి రాకముందు బెజవాడలో రెండేళ్ళు ఒక కొట్లో పనిచేశాడు. ఇళ్ళల్లో నీళ్ళు మెత్తబరిచే యంత్రాలు బిగించే కొట్టు అది. గుల్లపాడు నేలలో ఎక్కడ తవ్వినా సముద్రపు గుల్లలే. ఆ నూతి నీళ్ళతో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి జిడ్డు తేలుతుంది. కందిపప్పు గంటసేపు ఉడికినా గింజలా నిలబడుతుంది. సాహెబు భార్య రహమత్ బీ చేతులు ఆ నీళ్ళలో నాని నాని వేళ్ళ సందుల్లో చీలి నెత్తురొచ్చేవి. ఆవిడ పెట్టిన అన్నం ఆరేళ్ళు తిన్నవాడు. చూడలేక, తనే బెజవాడ వెళ్ళి ఒక యంత్రం తెచ్చి వంటింటి వెనక బిగించాడు. అది నెల కిందటి మాట.

ఆ రోజు అందరూ చుట్టూ చేరారు. నిలువెత్తు గొట్టం, పక్కన ఉప్పు తొట్టి.

"ఇందులో ఏముందిరా?" అన్నాడు సాహెబు.

మార్కండేయులు అరచేతిలో కొన్ని పూసలు పోసి చూపించాడు. ఆవగింజంత ఉన్నాయి, తేనె రంగులో. "ఇవి లక్షలు లక్షలు ఉన్నాయి ఉస్తాద్. ఒక్కొక్క పూసా ఒక ఆర్టీసీ బస్సు అనుకోండి. సీట్ల నిండా సోడియం కూర్చుని ఉంటుంది. అంటే ఉప్పులో ఉండేది. బక్కపలచటి మనుషులు, ఒక్కొక్కరికి ఒక్క సీటు చాలు. మన నూతి నీళ్ళలో గుల్లల్లోంచి వచ్చేది కాల్షియం. అంటే సున్నంలో ఉండేది. లావాటి ఆసామి. ఎక్కాడంటే రెండు సీట్లు కావాలి. బస్సుకి కూడా ఆయనంటేనే మోజు. ఆయన ఎక్కగానే ఇద్దరు బక్కవాళ్ళు లేచి దిగిపోతారు."

"నీళ్ళలోకా?" అంది రహమత్ బీ.

"నీళ్ళలోకే అమ్మా. వాళ్ళ వల్ల సబ్బుకీ పప్పుకీ ఇబ్బంది లేదు."

"మరి బస్సు నిండా లావాటివాళ్ళే అయిపోతే?" అంది నాగరత్నం. "నిరుడు తిరునాళ్ళకి నేనెక్కిన బస్సు అట్లాగే ఉంది."

అందరూ నవ్వారు. మార్కండేయులూ నవ్వాడు. "అప్పుడు ఉప్పునీళ్ళు బాగా చిక్కగా కలిపి లోపలికి వదులుతాం అత్తా. బడి వదిలినట్టు బక్కవాళ్ళు గుంపులు గుంపులుగా ఎక్కేస్తారు. ఎంత మోజున్నా అంత గుంపులో లావాటాయన నిలవలేడు, దిగాల్సిందే. ఆ నీళ్ళని మురుక్కాలవలోకి వదిలేస్తాం. పూసలు మళ్ళీ మొదటిలాగే. అరిగేది లేదు, కరిగేది లేదు. వారానికొకసారి ఉప్పుతో కడిగితే చాలు."

"అంటే సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదన్నమాట," అన్నాడు సాహెబు.

"ఉండదు ఉస్తాద్. ఒకరు దిగితేనే ఒకరు."

సాహెబు పూసల్ని వేళ్ళ మధ్య దొర్లించాడు. "మరి ఆ లావాటాయన ఎక్కడికి పోవాల్సినవాడో అడిగావా?"

"మురుక్కాలవలోకి ఉస్తాద్."

అందరూ మళ్ళీ నవ్వారు. సాహెబు నవ్వలేదు. పూసల్ని జాగ్రత్తగా శిష్యుడి చేతిలో పోసి లోపలికి వెళ్ళిపోయాడు.

పదిహేను రోజుల్లో రహమత్ బీ చేతులు మానాయి. పప్పు వెన్నలా ఉడికింది. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. కంటి ఆపరేషనుకి సాహెబు దంపతులు రెండు రోజులు బందరులో ఉన్నప్పుడు మార్కండేయులికి ఒక ఆలోచన తట్టింది. ఇంట్లోకి ఇంత మంచి నీళ్ళు వస్తుంటే, బానకి ఆ మొండి నీళ్ళేమిటి? పైపు కొని, యంత్రం నుంచి పాకలోకి లాగి, బాన పక్కన ఒక కుళాయి పెట్టేశాడు. పాక మీదున్న తొట్టి కూడా ఆ నీళ్ళతోనే నింపాడు. ఉస్తాదు ఇంటికొచ్చి కన్ను తెరిచాక చూపిద్దామనుకున్నాడు. అడగలేదు, చెప్పలేదు.

అదీ నీళ్ళ సంగతి.

ఇప్పుడు పాకలో నాగరత్నం లేచి నిలబడింది. చేతులు దులుపుకుంది. తలకి కట్టుకున్న తుండుగుడ్డ విప్పి, నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి, గుంజకున్న మేకుకి తగిలించింది. ఆ మేకు ఆమె కోసం సాహెబు కొట్టినది.

"సాయిబుగారికి చెప్పు," అంది. "పటికలో కల్తీ చేసే మనిషి వెళ్ళిపోయిందని చెప్పు."

"నేను కల్తీ అనలేదు."

"ఇంకేమన్నావు? చేతిలో తప్పుంది అన్నావు. నాకున్నదల్లా ఈ రెండు చేతులే అబ్బాయ్. ఊరంతా తెలిసేలోగా నేనే వెళితే మర్యాద."

ఆమె వెళితే ఎరుపు రాకపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. ఆ ఆలోచన తన మనసులో ఉందని మార్కండేయులికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

గడపలో కర్ర చప్పుడైంది.

సాహెబు నిలబడి ఉన్నాడు. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద పొగ తగలకుండా తువ్వాలు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు.

"రత్నమ్మా, మంట తగ్గుతున్నట్టుంది," అన్నాడు.

"నేను వెళుతున్నాను సాయిబుగారూ."

"వెళుదువుగాని. కట్టె ఒకటి పెట్టి వెళ్ళు."

ఆమె ఒక క్షణం ఆగి, వంగి, కట్టె పెట్టింది. పెట్టాక వెళ్ళలేదు. వెళ్ళమనీ ఆయన అనలేదు.

"పీలిక ఇటివ్వరా."

మార్కండేయులు ఇచ్చాడు. సాహెబు దాన్ని మసక కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి మడిచి భుజాన వేసుకున్నాడు. వస్తోందన్నావు కదరా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని మార్కండేయులు అనుకున్నాడు.

"ఏం మారింది?" అన్నాడు సాహెబు.

"పటిక కొత్త మూట ఉస్తాద్. చిరివేరు కూడా పోయిన నెల వచ్చిన సరుకు. గంజి..." నాగరత్నం వైపు చూడలేక ఆగాడు. "ఇంకేమీ మారలేదు."

"ఇంకేమీ మారలేదా?"

"మారలేదు."

సాహెబు తల ఊపాడు. బయట దండెం నీడ పొట్టిదవుతోంది. చాదరు చెక్కపెట్టెలో మడత మీద ఉంది. మహా అయితే ఇంకో రెండు గంటలు.

ఆయన మాత్రం తొందరేమీ లేనట్టు, చేత్తో గోడ తడుముకుంటూ వెళ్ళి, బాన పక్కన చేతికి తగిలిన కొత్త కుళాయి తిప్పాడు. గట్టు మీదున్న సబ్బు తీసుకుని చేతులు రుద్దుకున్నాడు. కడుక్కున్నాడు. వేళ్ళు ఒకదానితో ఒకటి రాసి చూసుకున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. మళ్ళీ రాసి చూసుకున్నాడు. ఎంత కడిగినా సబ్బు వదలనట్టు, వేళ్ళ మీద వేళ్ళు జారుతున్నాయి.

మార్కండేయులు చూస్తున్నాడు. ఇంత హడావుడిలో ఈ చేతులు కడుక్కోవడమేమిటో అతనికి అర్థం కాలేదు.

సాహెబు కుళాయి కట్టేశాడు. "ఆ పీలికల గుడ్డలో ఉడికించనిది ఇంకా ఉందా?"

"ఒక జానెడు ఉంది."

"అడ్డంగా రెండు చెయ్యి. చిన్న రాగి చెంబులు రెండు తే."

తెచ్చాడు.

"రెంటిలోనూ ఈ కుళాయి నీళ్ళే పొయ్యి. ఒకే కొలత. వేరు నువ్వే వెయ్యి. ఒకే తూకం. గుడ్డ నువ్వే వెయ్యి. రత్నమ్మ చెయ్యి తగలనీయకు."

ఆ చివరి మాటకి నాగరత్నం మొహం తిప్పుకుంది. మార్కండేయులు చెప్పినట్టే చేశాడు. రెండు చెంబులూ పక్కపక్కన పొయ్యి అంచున కూర్చున్నాయి.

సాహెబు పీట లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి తమలపాకుల డబ్బా తీశాడు. ఆకు ఒకటి మోకాలి మీద పరిచి ఈనె తీశాడు. చిన్న భరిణె మూత తిప్పి, చూపుడు వేలితో గుల్ల సున్నం తీసుకుని ఆకుకి రాశాడు. వక్క పెట్టాడు. ఆకు మడిచి నోట్లో వేసుకున్నాడు. వేలికి ఇంకా కాస్త సున్నం మిగిలింది. దాన్ని కుడివైపు చెంబు అంచుకి రాసి, లోపలికి తోసి, వేలు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

అంతే. ఇక ఏమీ చేయలేదు. ఆకు నములుతూ కూర్చున్నాడు.

కట్టెలు చిటపటమన్నాయి. వసారాలోంచి రహమత్ బీ, "ఆ పొగలో ఏం చేస్తున్నారు, కన్ను కావాలా వద్దా?" అని కేకేసింది. "వస్తున్నా," అన్నాడు సాహెబు, కదలకుండా.

దండెం నీడ మరో బెత్తెడు జరిగింది. చెంబుల్లో నీళ్ళు ముందు ఆవిరి పట్టాయి, తర్వాత మూలిగాయి, తర్వాత తెర్లాయి. మార్కండేయులు ఆ రెండు చెంబుల మధ్య కళ్ళు తిప్పుతూ ఉండిపోయాడు. గురువుగారికి కన్నుతోపాటు ఇంకేదైనా దెబ్బతిందా అని కూడా ఒక క్షణం అనుకున్నాడు.

"తియ్యి," అన్నాడు సాహెబు.

ఎడమ చెంబులోంచి తీశాడు. ఇటుక రంగు.

కుడి చెంబులో కర్ర పెట్టాడు. గుడ్డ ఒకసారి జారిపోయింది. రెండోసారి పైకి లేచింది.

ఎరుపు.

దానిమ్మ గింజని గోటితో నొక్కితే వచ్చే ఎరుపు. పువ్వు పువ్వంతా, రేకు రేకంతా.

మార్కండేయులు ఆ రెండు ముక్కలనీ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఒకటే గుడ్డ, ఒకటే పటిక, ఒకటే గంజి, ఒకటే చెయ్యి. అతని చూపు సాహెబు తువ్వాలు మీదున్న తెల్లటి వేలి మరక దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి తను పెట్టిన కుళాయికి. కుళాయి నుంచి గోడ వెంబడి పైపుకి. పైపు నుంచి వంటింటి వెనక గొట్టానికి, గొట్టం కింది మురుక్కాలవకి. మొన్న పొద్దున ఉప్పుతో కడిగి వదిలిన నీళ్ళకి కాలవ గట్టంతా తెల్లగా పెచ్చు కట్టి ఉంది.

సాహెబు ఆకు నమలడం ఆపాడు.

"ఆ లావాటాయన ఎక్కడికి పోవాల్సినవాడో," అన్నాడు నెమ్మదిగా, "ఆ రోజు అడిగాను."

మార్కండేయులు తల దించుకున్నాడు.

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మూడు రోజుల అబద్ధం ఉంది. అడగకుండా లాగిన పైపు ఉంది. గుంజకి తగిలించిన తుండుగుడ్డ ఉంది. అతను చొక్కా విప్పి గూట్లో పెట్టి, పాక వెనకున్న పాత నూతి దగ్గరికి వెళ్ళాడు. పాక మీద తొట్టి పెట్టినప్పటి నుంచీ గిలక మీద తాడు లేదు. తాడు వేశాడు. బాన బోర్లించి, కుళాయి నీళ్ళన్నీ పారబోసి, ఒక్కొక్క చేదే తోడి పోయడం మొదలుపెట్టాడు.

ఇరవై చేదలయ్యేసరికి అరచేతులు కమిలాయి. ముప్పై అయ్యేసరికి బొబ్బలు పగిలాయి. గుల్లనేల నీళ్ళు ఆ పగుళ్ళలో మంటపెట్టాయి. రహమత్ బీ చేతులు ఎలా మండేవో అప్పుడు తెలిసింది. ఆగలేదు.

"వంటింటి పైపు ముట్టుకోకు," అన్నాడు సాహెబు పీట మీంచే. "మీ అమ్మ చేతులకి ఆ నీళ్ళే మంచివి."

"సరే ఉస్తాద్."

బాన నిండింది. మార్కండేయులు మేకు దగ్గరికి వెళ్ళి తుండుగుడ్డ తీశాడు. రెండు చేతులతో పట్టుకుని నాగరత్నం ముందు నిలబడ్డాడు. గుడ్డకి కాస్త నెత్తురు అంటింది.

ఆమె దాని వంకా అతని వంకా చూసింది.

"పాడు చేశావు ఉతికిన గుడ్డని," అంది. తీసుకుని తలకి చుట్టుకుంది. వంగి కట్టెలు ఎగదోసింది.

నీళ్ళు కాగాయి. వేరు పడింది. మార్కండేయులు పెట్టెలోంచి చాదరు తీసి, రెండు చేతుల మీదా పరిచి తెచ్చాడు. దాని మీద ఇంకా ఏ పువ్వూ సరిగా కనపడటం లేదు. బాన అంచున ఒక్క క్షణం ఆగాడు. ఆగి, వదిలాడు.

చాదరు మునిగింది. పైకి గాలి బుడగలొచ్చాయి. కలియబెట్టే కర్ర తీసి అతను నాగరత్నానికి అందించాడు. ఆమె తిప్పసాగింది, ఒకసారి అటు, ఒకసారి ఇటు.

ఎండ సరిగ్గా నడినెత్తికి వచ్చింది. ఆవిరి చాటున ఏమీ తెలియడం లేదు. సాహెబు పీట మీద ముందుకి వంగి, ఆకుపచ్చ గుడ్డ కట్టిన మొహాన్ని బాన వైపు తిప్పాడు.

"ఏరా మార్కండా, ఏం రంగొచ్చింది?"

మార్కండేయులు బానలోకి చూశాడు.

"అత్తని అడగండి ఉస్తాద్."

సాహెబు మొహం నాగరత్నం వైపు తిరిగింది.

ఆమె కర్రతో చాదరు కొస పైకెత్తింది. నీళ్ళు ధారగా కారాయి. ఆవిరిని చేత్తో తోసుకుని, ఆ కొసని చూసింది. తర్వాత పీట మీద కూర్చున్న సాహెబు ఎర్రబడ్డ నోటి వంక చూసింది.

"ఆకు పండినట్టు పండింది సాయిబుగారూ," అంది.